నేను బిగించిన పట్టీ

మా సైట్ అల్ షహానియాకు అవతల ఉంది. ఒంటెల పందేల మైదానం దాటి, తారురోడ్డు వదిలి ఇసుకలో కొంత దూరం వెళ్తే వస్తుంది. అక్కడ మా కంపెనీ పెద్ద గోదాములు కడుతోంది. నేను ఆ సైట్ క్లినిక్‌లో నర్సును. క్లినిక్ అంటే రెండు గదుల పోర్టా క్యాబిన్. ఒక మంచం, ఒక ఏసీ, మందుల బీరువా. డాక్టరు వారంలో రెండు మూడు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో వేడికి కళ్ళు తిరిగినవాళ్ళూ, వేళ్ళు నలిగినవాళ్ళూ, కంట్లో ఇనుప రజను పడినవాళ్ళూ అందరూ నా దగ్గరికే వస్తారు.

మాది పశ్చిమ గోదావరి. పెళ్ళయ్యాక మావారి వెనకే ఖతర్ వచ్చాను. ఆయన ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తారు. మేముండేది అల్ వక్రాలో. చీకటి ఉండగానే కంపెనీ బస్సు ఎక్కుతాను. ఆ బస్సులోనే ప్రార్థన, ఆ బస్సులోనే మిగిలిన నిద్ర.

ఆ ఏడు చలికాలం మొదలవుతుండగా సేఫ్టీ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు చిన్న పెట్టె పట్టుకుని క్లినిక్‌కి వచ్చాడు. మలయాళీ. నెమ్మదస్తుడు. చేతికో కాలికో పెద్ద గాయమై నెత్తురు ఆగనప్పుడు గాయానికి పైన బిగించే పట్టీలు తెచ్చాడు. అలాంటివి మా దగ్గర అదివరకే ఉన్నాయి. వెడల్పాటి నైలాన్ పట్టీ, దాని మీద ఒక కడ్డీ. కడ్డీని తిప్పేకొద్దీ పట్టీ బిగుస్తుంది. ఇతను తెచ్చినవి చూడ్డానికి అలాగే ఉన్నాయి గానీ, చర్మానికి ఆనే వైపు సెన్సర్లు కుట్టి ఉన్నాయి. పైన చేతి గడియారమంత తెర ఉంది. బిగింపు చాలకపోతే తెర పసుపుగా వెలుగుతుంది. సరిపోతే ఆకుపచ్చగా మారుతుంది. మరీ ఎక్కువైతే ఎర్రగా. కట్టి ఎంతసేపయిందో కూడా అదే లెక్కపెట్టి చూపిస్తుంది, కట్టాక బిగింపు సడలితే కూత పెడుతుంది.

దాని అవసరం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అరకొరగా బిగిస్తే అసలు కట్టకపోవడం కన్నా చేటు. కాలి నుంచి పైకి వెళ్ళే నెత్తురు ఆగుతుంది, గుండె నుంచి కిందికి వచ్చేది ఆగదు. దాంతో గాయం ఇంకా ఎక్కువ కారుతుంది. అలాగని బలమంతా పెట్టి బిగిస్తే నరాలు చితికిపోతాయి. ఇన్నేళ్ళుగా నర్సులం చేతి అంచనా మీదే కట్టాం. ఇంజనీరు ఒక రబ్బరు కాలు కూడా తెచ్చాడు. దానిలోంచి ఎర్రనీళ్ళు చిమ్ముతుంటే, పట్టీ బిగించి, తెర పసుపు నుంచి ఆకుపచ్చకి మారేదాకా కడ్డీ తిప్పించాడు. నేనూ, క్లినిక్ బండి నడిపే నేపాలీ డ్రైవరూ ఇద్దరం నేర్చుకున్నాం. మాకది నచ్చింది. రెండు పట్టీలు సంచిలో పెట్టుకున్నాను. వాటి అవసరం ఎప్పటికీ రాకపోతే బాగుండునని అనుకున్నాను కూడా.

తర్వాత కొన్ని వారాలకు ఒక పొద్దున, గాలి బాగా వీస్తున్న రోజు, స్టీల్ యార్డ్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో హిందీలో అరుస్తున్నారు. గ్రైండర్, పైర్ అంటే కాలు, ఖూన్ అంటే నెత్తురు, ఆ మూడు మాటలే నాకు అర్థమయ్యాయి. అంబులెన్స్‌కి కబురు చెయ్యమని ఆఫీసుకి చెప్పి, సంచి తీసుకుని బండెక్కాను. డ్రైవరు ఇసుకలో అడ్డదారిన పోనిచ్చాడు.

ఇనుప కడ్డీలు కోసే చోట గ్రైండర్ చక్రం పగిలింది. దాని ముక్క ఒకతని తొడలో దిగి, లోపలంతా కోసుకుంటూ పోయింది. అతను కడ్డీల కట్టకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళలోపు మనిషి. దుమ్ముకి ముఖానికి చుట్టుకునే గుడ్డతో తోటివాళ్ళు అతని తొడ కట్టారు. అది తడిసి ముద్దయింది. కింద ఇసుక నల్లబడింది. అతను అరవడం లేదు. తన కాలిని వేరెవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

గాయానికి పైగా, తొడ మొదట్లో పట్టీ వేసి లాగి, కడ్డీ తిప్పాను. నెత్తురు తగ్గింది. పాత పట్టీ అయితే నేను అక్కడితో ఆగేదాన్నే. తెర చూస్తే పసుపు. ఇంకో చుట్టు తిప్పాను. అప్పుడు అరిచాడతను. తెర పచ్చగా మారింది, నెత్తురు ఆగింది. కడ్డీని దాని కొక్కెంలో ఇరికించి, గాయంలో గుడ్డ కుక్కి అదిమి పట్టుకున్నాను. నా నోట్లోంచి నాకు తెలియకుండానే "ప్రభువా, కాపాడు తండ్రీ" అని వచ్చింది.

అతను తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు.

"తెలుగోళ్ళా అక్కా?"

అవునన్నాను. మాది గోదావరి వైపని చెప్పాను. తనది జగిత్యాల దగ్గర పల్లె అన్నాడు. అంత నెప్పిలోనూ ఆ ముఖం కొంచెం తేరుకుంది. తెలుగు మనిషి దొరికిందని అతను ధైర్యం తెచ్చుకున్నట్టున్నాడు. నాకు మాత్రం ధైర్యం అక్కడే పోయింది. అప్పటిదాకా నేను గాయాన్ని చూస్తున్నాను, తెరను చూస్తున్నాను. ఇక ఆ మనిషి మాట వినాలి.

"అక్కా, జెర వదులు జెయ్యి. కాలు పలుగుతాంది."

"వదులు చేస్తే నెత్తురు మళ్ళీ వచ్చేస్తుంది తమ్ముడూ. అంబులెన్స్ బయల్దేరింది. కాస్త ఓర్చుకో."

"జెరంతనే. మళ్ల బిగించు. నీకు దండం వెడ్త."

అతను నిజంగానే చేతులు జోడించాడు. ఆ చేతుల నిండా ఇనుప తుప్పు. నేను తల అడ్డంగా ఊపి గాయం మీదికి చూపు తిప్పుకున్నాను. పట్టీ కింద ఎలాంటి నెప్పి పుడుతుందో నాకు తెలుసు. ఆసుపత్రుల్లో పెద్ద పెద్ద మగవాళ్ళు కూడా గాయం నెప్పి మరచి పట్టీ నెప్పికి ఏడవడం చూశాను. నెప్పికి ఇవ్వడానికి నా సంచిలో గట్టి మందేదీ లేదు. అలాంటివి సైట్ నర్సు చేతికి ఇవ్వరు. సెలైన్ ఎక్కించాను. నీళ్ళు అడిగితే, ఆపరేషన్ ఉంటుంది, తాగకూడదన్నాను. అతను అడిగిన ప్రతిదానికీ వద్దనే అన్నాను.

గాలి పెరిగింది. ఇసుక లేచి ఒంటెల మైదానం వైపు ఆకాశం పసుపు బూడిద రంగైంది. అంబులెన్స్ తారురోడ్డు మీద ఉందనీ, దారి చూపడానికి గేటు దగ్గర మనుషుల్ని నిలబెట్టామనీ ఫోర్‌మన్ వచ్చి చెప్పాడు. ఎవరూ ఆలస్యం చేయలేదు. ఆ మాట ఇప్పటికీ నిజంగానే చెబుతాను. అంత దూరం నుంచి అక్కడికి రావడానికి పట్టే సేపు పట్టింది, అంతే.

కాసేపటికి పట్టీ చిన్నగా కూసింది. తెర మళ్ళీ పసుపు. నెత్తురు పోయిన కాలు మెత్తబడుతుంది, బిగింపు దానంతటదే సడలుతుంది. ఇంజనీరు ముందే చెప్పాడు. పాత పట్టీ అయితే ఆ సంగతి గుడ్డలు తడిసేదాకా తెలిసేది కాదు. కడ్డీని కొక్కెంలోంచి తీశాను. అది చూసి, వదులు చేస్తున్నాననుకుని అతను "సల్లగుండు అక్కా" అన్నాడు. నేను దాన్ని ఇంకాస్త బిగించాను.

ఆ అరుపు గురించి రాయలేను.

తర్వాత అతను నన్ను అక్కా అని పిలవడం మానేశాడు. పట్టీ విప్పమని పక్కనున్నవాళ్ళని హిందీలో బతిమాలాడు, "భాయ్, ఖోల్ దో" అని. వాళ్ళు నా వైపు చూశారు. వద్దన్నాను. ఒకతను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తెర మీద అంకెలు మారుతుంటే చూసి అవేమిటని గాయపడిన మనిషి నన్ను అడిగాడు. కట్టి ఎంతసేపయిందో ఆ అంకెలు. అవి పెరిగేకొద్దీ కాలికి ముప్పు. దాని మీద అరచెయ్యి కప్పాను. రంగు చూసుకోవడానికి చెయ్యి తీస్తే ఆ అంకెలు అతనికీ కనబడేవి, మళ్ళీ కప్పేదాన్ని.

అలా ఒకసారి సెలైన్ సీసా వైపు తిరిగినప్పుడు అతను కడ్డీ పట్టుకున్నాడు. కొక్కెంలోంచి లాగేశాడు. పట్టీ కూసింది, నేను కుక్కిన గుడ్డ నా కళ్ళ ముందే ఎర్రబడింది. డ్రైవరు అతని రెండు చేతులూ పట్టుకుని గుండెకి అదుముకున్నాడు. నేను మళ్ళీ తిప్పాను. పచ్చ. డ్రైవరు ఏడుస్తూనే అతని చేతులు వదల్లేదు. "మాఫ్ కరో భాయ్, మాఫ్ కరో" అంటూనే ఉన్నాడు.

చివరికి అతను గొంతు తగ్గించి మళ్ళీ తెలుగులో అన్నాడు.

"ఇంటికి ఫోన్ జెయ్యకుండ్రి. మా అవ్వ తట్టుకోదు."

అవ్వంటే వాళ్ళ వైపు అమ్మ. చెయ్యనన్నాను. అంతలో అంబులెన్స్ వచ్చింది. అందులోంచి దిగిన ఇద్దరిలో పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని తెర చదివాడు. నేనేమీ చెప్పకముందే ఎప్పుడు కట్టామో, ఎంత బిగించామో, ఎన్నిసార్లు సడలిందో ఆయనకి తెలిసిపోయింది. తల ఊపి, బాగా పట్టుకున్నారు సిస్టర్ అన్నాడు ఇంగ్లీషులో. నెప్పి తగ్గడానికి సూది వేశారు. అతని ముఖం వదులైంది, కళ్ళు మూతపడ్డాయి. నేను కూడా వస్తానన్నాను. బండిలో చోటు లేదన్నారు. తలుపులు వేసుకుని దుమ్ములో వెళ్ళిపోయారు. నా చేతులు ఖాళీ అయ్యాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను.

అతని ఫోన్ తోటివాళ్ళు తెచ్చి క్లినిక్‌లో ఇచ్చారు. ఆసుపత్రికి పంపుతామని ఆఫీసులో అన్నారు, మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. అది బల్ల మీద మోగడం మొదలెట్టింది. తెర మీద ఒక ఆడమనిషి ఫోటో, చంకలో పిల్ల. మోగి ఆగింది, మళ్ళీ మోగింది. చెయ్యనని మాట ఇచ్చాను గానీ, ఎత్తనని ఇవ్వలేదు కదా అనిపించింది. ఎత్తకపోతే ఆవిడ ఎన్నిసార్లు చేస్తుందో కూడా తెలుసు. ఎత్తాను.

ఎవరు మీరు, మా ఆయన ఏడి అని అడిగిందావిడ. కంపెనీ నర్సునని, కాలికి దెబ్బ తగిలిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి ఎవరితోనో "దుబాయ్‌ల దెబ్బ తాకిందట" అంది. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. అటువైపు ఒక ముసలి గొంతు ఏదో అడుగుతోంది.

"మేడం, మాట్లాడుతుండా?"

"నాతో మాట్లాడాడమ్మా."

"ఏమన్నడు?"

ఏమన్నాడు? వదులు చెయ్యమన్నాడు. దండం పెట్టాడు. ఇంటికి చెప్పొద్దన్నాడు. ఈ మూడింటిలో ఏది చెప్పను?

"మీ అందరి గురించే అన్నాడు" అన్నాను. అది అబద్ధం కాదు. పెద్ద డాక్టర్లు చూస్తున్నారని, తెలియగానే చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ఆసుపత్రికి ఎన్ని ఫోన్లు చేసినా, మీరు అతనికి ఏమవుతారు అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. ఏమీ కానన్నాక వాళ్ళు మాత్రం ఏం చెబుతారు.

ప్రాణం దక్కిందని మర్నాడు ఇంజనీరు చెప్పాడు. తెగిన రక్తనాళాన్ని అతికారట. అయినా పాదానికి వేడి తిరిగి రాలేదు. కొన్నాళ్ళు చూశారు. తర్వాత కాలు మోకాలికి పైన తీసేశారు.

ప్రమాదం జరిగిన వారంలోనే ఆఫీసులో మీటింగ్ పెట్టారు. పట్టీలోని లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి గోడ మీద చూపించారు. ఒక పచ్చగీత, ఎడమ నుంచి కుడికి. మధ్యలో రెండు చోట్ల కిందికి దిగి, మళ్ళీ లేచింది. ఇంజనీరు దాన్ని కర్రతో చూపిస్తూ వివరించాడు. ఇక్కడ ఒత్తిడి తగ్గింది, పట్టీ హెచ్చరించింది, సిస్టర్ వెంటనే సరిచేశారు, మామూలు పట్టీ అయితే ఈ మనిషి మనకు దక్కేవాడు కాదు అన్నాడు. అతను చెప్పిందంతా నిజమే. అందరూ నా వైపు చూసి మెచ్చుకున్నారు. మొదటి పల్లం దగ్గర ఆ జగిత్యాల తమ్ముడు నన్ను చల్లగా ఉండమన్నాడు. ఆ మాట ఆ గీతలో ఎక్కడా లేదు.

రెండో పల్లం మరీ నిటారుగా ఉంది, సెన్సర్ పాడైందా అని ఒక మేనేజర్ అడిగాడు. ఇంజనీరు జవాబు కోసం నా వైపు తిరిగాడు.

"సెన్సర్ బాగానే ఉంది సార్. అతనే కడ్డీ లాగేశాడు. తట్టుకోలేకపోయాడు" అన్నాను.

ఇంజనీరు చేతిలోని కర్ర బల్ల మీద పెట్టాడు. తర్వాత, పేషంట్ చేతికి అందినా ఊడిరాకుండా కడ్డీకి ఒక క్లిప్ పెట్టించాలని మేనేజరు అన్నాడు. మంచి సలహా అని అందరూ ఒప్పుకున్నారు. నిజంగా మంచి సలహానే. నేనూ తల ఊపాను. బయటికి వచ్చి బాత్‌రూంలో కొళాయి తిప్పుకుని, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. తప్పు చేసినవాళ్ళెవరూ ఆ గదిలో కనబడలేదు.

సెలవు రోజున మావారిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. పళ్ళు కొన్నాం. వార్డు బయట ఆయన ఆగిపోయారు, నేను లోపలికి వెళ్ళాను. దుప్పటి కింద ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను. నేను చూడటం అతను చూశాడు.

గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. ఇంట్లో తెలిసిందని, వీడియోలో మాట్లాడానని, అవ్వ అన్నం ముట్టడం లేదని చెప్పాడు. పక్క మంచం మీది మనిషి గురించి, భోజనం గురించి చెప్పాడు. కొంతసేపు అలా గడిచాక కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"నిన్ను ఒక్కటి అడుగుతా అక్కా. గంతగనం బిగించకుంటే నా కాలు ఉండేదా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మంచం దగ్గరికి వచ్చే ముందే, ఆ పట్టీ కట్టిన నర్సునని చెప్పుకుని వార్డు డాక్టరును నేనే అడిగాను. పట్టీ వల్ల కాలు పోలేదనీ, చక్రం ముక్క నాళాన్నీ నరాన్నీ కండనూ చాలా మేర చీల్చిందనీ, బిగింపు ఎంత కావాలో అంతే ఉందనీ, తెర ఎర్రగా ఒక్కసారి కూడా మారలేదనీ ఆయన ఓపిగ్గా చెప్పారు. అదంతా అతనికి తెలుగులో, తేలిక మాటల్లో చెప్పాను. పట్టీ లేకపోతే ప్రాణమే ఉండేది కాదన్నాను.

అతను అంతా విన్నాడు.

"డాక్టర్లు గట్లనే అంటరు" అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు జేసేది నువ్వు జేసినవ్ తియ్యి" అన్నాడు.

తిట్టి ఉంటే భరించేదాన్నేమో. ఒక కమలాపండు ఒలిచి ఇచ్చాను. ఒక తొన తిని మిగతాది పక్కన పెట్టాడు.  ప్రార్థన చెయ్యనా అని అడుగుదామనుకున్నాను. అతని దేవుడు వేరు, నా దేవుడు వేరని కాదు, దేవుణ్ణి ఏమని అడగాలో తోచక మానేశాను.

అతను ఇంటికి వెళ్ళిన రోజు నాకు తెలియదు. వెళ్ళాడని తర్వాత డ్రైవరు చెప్పాడు. క్యాంప్ నుంచి నలుగురు విమానాశ్రయానికి వెళ్ళారట, వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి పంపారట. ఆ తర్వాత కంపెనీ అన్ని సైట్లకూ ఆ పట్టీలు కొంది. కడ్డీకి క్లిప్ కూడా వచ్చింది. వేరే క్లినిక్‌ల నర్సులకి వాడటం నేర్పమని నన్నే పంపుతున్నారు. అల్ తుమామాలో ఒక ఆఫీసు హాల్లో మొదటిసారి నేర్పాను. రబ్బరు కాలు, ఎర్రనీళ్ళు, పసుపు, పచ్చ, అన్నీ చూపించాను. పేషంట్ వదులు చెయ్యమంటాడు, మీ భాషలో అడుగుతాడు, చెయ్యకండి అని చెప్పాను. కొందరు రాసుకున్నారు. అది వింటూ ఎలా ఓర్చుకోవాలో వాళ్ళు అడగలేదు. 

ఈమధ్య ఒక రోజు అతని భార్య ఫోన్ చేసింది. నా నంబరు అతనే డ్రైవరు దగ్గర తీసుకుని ఇచ్చాడట. కట్టుడు కాలు పెట్టారని, వాకిట్లో నడవబోయి పడ్డాడని, లేపబోతే వద్దని తనే లేచాడని చెప్పింది. నీతో మాట్లాడతాడట అని ఫోన్ అతని చేతికి ఇచ్చింది. బాగున్నావా అని అడిగాను. ఉన్న అన్నాడు. సైట్ పని ఎంతదాకా వచ్చిందని అడిగాడు. పైకప్పు వేస్తున్నారని చెప్పాను. తోటివాళ్ళ గురించి ఒక్కొక్కరినీ అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అక్కా, కంపెనీల కూసుండి జేసే పని ఏమన్న ఉంటదా? గేటు కాడన్న, స్టోర్లన్న. ఒక్కసారి అడుగుతవా?"

అడుగుతానన్నాను. మర్నాడే అడిగాను, సేఫ్టీ ఇంజనీరు దగ్గరికీ వెళ్ళాను, పెద్ద ఆఫీసుకీ వెళ్ళాను. అందరూ కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడారు. మెడికల్ పాస్ కాకపోతే వీసా రాదన్నారు, అలాంటి ఉద్యోగం కూడా లేదన్నారు.

ఆ మాట అతనికి చెప్పాలి. రోజూ బస్సులో వస్తూ ఫోన్ తీస్తున్నాను. ఇంకా చెయ్యలేదు.